పదింటి ఆకు

తీగ నుంచి తెంపిన ఆకు ఏ క్షణాన చచ్చిపోయినట్టు? తెంపినప్పుడా, వాడినప్పుడా, ఎండి చేతిలో పొడి అయినప్పుడా? పుస్తకాలు తిరగేస్తే తలో మాట చెబుతాయి. ఎంత చదివినా ఆ ప్రశ్నకి నిలకడైన జవాబు ఇప్పటికీ దొరకలేదు. బొల్లారంలో ఆ ఏడాది ఎవరైనా దాన్ని ముందే అడిగి ఉంటే శేషారత్నం కథ మరోలా నడిచేది.

శేషారత్నానిది అనకాపల్లి దగ్గర పల్లె. బోటనీతో బీయెస్సీ పూర్తిచేసి, రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా లోవరాజుని పెళ్ళాడి సికింద్రాబాదు వచ్చింది. రెజిమెంటల్ బజార్‌లో మేడమీద రెండు గదుల వాటా. పిల్లలు లేరు. చాలా ఏళ్ళు ఒక ప్రైవేటు బళ్ళో పాఠాలు చెప్పింది. ఆ బడి మూతపడ్డాక ఏం చెయ్యాలో తోచక ఉన్న రోజుల్లో, కింది వీధిలో మూలికల టోకు వ్యాపారం చేసే బాబూరావు తన కొత్త కంపెనీకి మొక్కలు చూసే మనిషి కావాలన్నాడు.

ఊరంతా కంప్యూటర్ల వెంట పరుగెత్తుతున్న కాలం అది. మాదాపూర్ వైపు పోయే బస్సుల్లో మెడలో ఐడీ కార్డుల తాళ్ళు వేలాడేసుకున్న కుర్రాళ్ళే. రాబోయేది జీన్లూ కంప్యూటర్లూ కలిసిన వ్యాపారమని తెనాలి నుంచి వచ్చిన బాబూరావు చెవిలో ఎవరో ఊదారు. ఆయన బొల్లారంలో ఒక పాత బంగళా అద్దెకు పుచ్చుకుని, ముందు గదుల్లో కంప్యూటర్లు పెట్టి, పెరట్లో గ్రీన్‌హౌస్ కట్టించాడు. అందులో వరసలు వరసలుగా పొడపత్రి తీగలు. ఆ ఆకు నమిలితే నాలుక మీద తీపి చచ్చిపోతుంది. వచ్చిన పెద్దమనుషులకి బాబూరావు ముందు ఆకు నమిలించి, తర్వాత లడ్డూ పెట్టేవాడు. వాళ్ళు ఇసుక నమిలినట్టు మొహం పెడితే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. చక్కెర జబ్బుకి అందులోంచి మందు తీయాలన్నది ఆయన ఆశ.

ఆ పని చూసే సైంటిస్టు సుధ. ఇంకా ముప్ఫై రాలేదు. పుట్టి పెరిగింది మారేడ్‌పల్లిలోనే అయినా వాళ్ళమ్మదీ అనకాపల్లే. ఆ సంగతి తెలిసిన రోజే శేషారత్నం ఆమెకి పిన్ని అయిపోయింది. తోటివాళ్ళంతా సాఫ్ట్‌వేర్‌లో చేరి ఫ్లాట్లు కొంటుంటే సుధ చేతికొచ్చిన ఉద్యోగం వదులుకుని మొక్కల దగ్గరే ఉండిపోయింది. ఇంట్లో వాళ్ళు ఇంకా ఆ మాట ఎత్తి దెప్పుతూనే ఉన్నారు.

ఆ పిల్ల చెబితే ఏ సంగతైనా కళ్ళకి కట్టేది. తీపిని చంపే పదార్థాన్ని ఆకు ఒక్క దెబ్బలో తయారు చేయదట. ఒక జీన్ పంపిన పనివాడు ముడిసరుకుని మడిచి వలయాలుగా చుడతాడు. రెండోవాడు దానికి కొక్కెం తగిలిస్తాడు. మూడోవాడు, విచిత్రం, దానికో చక్కెర ముక్కే అతికిస్తాడు. నాలుగోవాడు తోక పెడతాడు. ఒక్కడు రాకపోయినా సరుకు సగంలో ఆగిపోతుంది.

మా ఆయన పార్సిల్ ఆఫీసులాగే ఉందే అంది రత్నం. తూచేవాడు, చీటీ అంటించేవాడు, మోసేవాడు, బండిలో పేర్చేవాడు. ఒకడు సెలవు పెడితే ప్లాట్‌ఫారం నిండా మూటలే.

"అంతే పిన్నీ. కానీ నలుగుర్నీ ఒకేసారి డ్యూటీకి పిలిచేదెవరు? అదీ నా పరేషాన్."

దాన్ని కనిపెట్టడానికే ఆకులు తెంపించడం. మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి పదింటికి, తెల్లారగానే. ఆకు తెంపి, రేకులో చుట్టి, పొగలు కక్కే ద్రవ నైట్రోజన్ డబ్బాలో వేస్తే ఆ క్షణంలో ఏ జీన్ ఎంత మేలుకుని ఉందో అలాగే గడ్డకట్టి ఉండిపోతుంది. సుధ సాయంత్రం కంపెనీ బండిలో వెళ్ళిపోయేది. ఆకులు తెంపే రోజుల్లో రత్నం బంగళాలోనే ఒక గదిలో పడుకునేది. కొన్ని నెలలు అలా చేశాక లెక్కలు వచ్చాయి. పగలంతా ఎవరికి వారుగా పడుకున్న నాలుగు జీన్లూ రాత్రి పదింటి ఆకులో మాత్రం ఒక్కసారిగా కొండంత లేచాయి. తెల్లారేసరికి దిగిపోయాయి. రాత్రే వాటిని పిలుస్తోంది అంది సుధ. రాత్రిపూట కోత కోస్తే మందు రెట్టింపు వస్తుందన్నాడు బాబూరావు. బెంగళూరు మందుల కంపెనీ ఒకటి ఆ పద్ధతి కొనుక్కోవడానికి ముందుకొచ్చింది.

వాళ్ళు తమ గ్రీన్‌హౌస్‌లో అదే పని చేసి చూశారు. పదింటి ఆకులో నాలుగు జీన్లూ గాఢంగా నిద్రపోతున్నాయి. మళ్ళీ చేశారు. మళ్ళీ నిద్రే.

బెంగళూరు నుంచి ఆ ఫోను వచ్చిన రోజున బాబూరావు గొంతు గేటు దాకా వినిపించింది. అంకెలు ఎవరు దిద్దారని ఆయన అడిగాడు. దిద్దడానికి అక్కడున్నది ఒక్కరే. సుధ తలుపు వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుని పాత లెక్కలన్నీ మొదటినుంచీ వేసుకుంది. మధ్యాహ్నం రత్నం పట్టుకెళ్ళిన టీ సాయంత్రానికి మీగడ కట్టి అలాగే ఉంది. సంగతి రత్నానికి అర్థమైంది. అబద్ధపు అంకెలు రాసిందన్న మాట పడితే ఈ పిల్లని దేశంలో ఏ ల్యాబూ గుమ్మం ఎక్కనివ్వదు. చదువంతా పొయ్యిలో పెట్టినట్టే.

వారం తిరక్కుండా బెంగళూరు వాళ్ళు తమ మనిషిని పంపారు. పేరు దేవకృప. యాభై ఏళ్ళుంటాయి, పొట్టి జుట్టు, మనిషి వంక కాక మనిషి చేతుల వంక చూసే అలవాటు. ఆమెదీ సికింద్రాబాదే. వచ్చిన రోజంతా సుధని గదిలో కూర్చోబెట్టి అడిగిందే అడిగింది. రత్నం టీ తీసుకెళ్ళినప్పుడు ఒకసారి సుధ మొహం కనిపించింది. అడిగినదానికి జవాబు చెబుతోంది గానీ గొంతులో తడి లేదు.

రత్నం ట్రే బల్లమీద పెట్టి, ఎవరూ అడక్కుండానే మాట్లాడింది. ఆకులు తెంపింది తనేననీ, కావాలంటే ఎలా తెంపుతుందో చూసుకోమనీ, ఈ పిల్ల అబద్ధం ఆడే రకం కాదనీ చెప్పింది. దేవకృప ఆమె చేతుల వంక చూసి సరేనంది. సాయంత్రం గ్రీన్‌హౌస్‌కి తను వస్తుందనీ, సుధ మాత్రం బంగళాలోనే ఉండాలనీ షరతు పెట్టింది.

"రోజూ ఎట్ల చేస్తరో గట్లనే చేయండమ్మా," అంది సాయంత్రం లోపలికి వస్తూనే. "నేనిక్కడ లేననుకోండి."

రత్నం చేతులు కడుక్కుంది. ఆమెకి భయం లేదు. పైగా కొంచెం ఉత్సాహంగా ఉంది, బళ్ళోకి ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున ఉండేలాంటిది. సాయంత్రపు ఆకులు తెంపి, రేకులో చుట్టి డబ్బాలో ముంచింది. పొగ తగ్గేదాకా ఆగింది. తర్వాత అద్దంలోంచి ఆకాశం చూసింది. బయట వేపచెట్ల చివర్ల మీద వెలుతురు ఇంకా సన్నగా ఉంది. గబగబా పక్క వరస తీగల దగ్గరికి వెళ్ళి ఇంకొన్ని ఆకులు తెంపింది. వీటిని రేకులో చుట్టలేదు. ఉతికిన గుడ్డ తడిపి, అందులో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి మడిచింది. చల్లటి పెట్టెలో పెట్టి మూత వేసి, చీటీ అంటించింది.

దేవకృప చీటీ చదివింది. "ఇవేందమ్మా?"

"పదింటి ఆకులు మేడం."

"ఇప్పుడు ఏడు సుత కాలేదు."

"అందుకే కదండీ తొందర. దీపాలు పెట్టీసాక ఆకు తెంపకూడదు కదా. ఇప్పుడే తెంపీసి ఉంచుతాను. పదింటికి సరిగ్గా డబ్బాలో వేసీస్తాను. ఒక్క నిమిషం అటూ ఇటూ అవ్వనివ్వను."

దేవకృప చీటీ వంక మరోసారి చూసింది. పక్కన బోర్లించి ఉన్న కుండీ మీద కూర్చుంది. ఆ మౌనం రత్నానికి మొదట మెచ్చుకోలులా తోచింది. కాసేపటికి అది మెచ్చుకోలు కాదని తెలిసింది. అయినా ఎక్కడ తప్పు జరిగిందో అంతు పట్టలేదు.

"మొదటి నుంచి గిట్లనేనా?"

"ఇంతేనండీ. గుడ్డ మాత్రం ఎప్పుడూ శుభ్రమైనదే."

"సుధకు తెలుసా?"

రత్నం ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంది. పదింటి ఆకు డబ్బాలో వెయ్యమని సుధ చెప్పింది. పదింటికి తను వేసింది. ఎప్పుడు తెంపావని ఆ పిల్ల అడగలేదు. పదింటి ఆకంటే పదింటికి తెంపినదని వేరే చెప్పాలని ఆమెకి తోచి ఉండదు. పొద్దు వాలాక మొక్కని ముట్టుకోకూడదన్నది మనుషులందరికీ తెలిసిన సంగతే కదా అని తనూ చెప్పలేదు.

"తెంపంగనే ఆకు సచ్చిపోతదనుకున్నరా అమ్మా?" దేవకృప గొంతు మెత్తగానే ఉంది. "ఆ పెట్టెల అది బతికే ఉంటది. దెబ్బ తగిలిందని దానికి తెలుసు. ఏ పురుగో కొరికిందనుకుంటది. తీపిని సంపే ఆ చేదు తయారు చేసేటోళ్ళందర్నీ ఒక్కసారి లేపుతది. బెంగళూర్ల మేం పదింటికి తెంపినం. మా ఆకుకు దెబ్బ తెలిసేలోపే గడ్డకట్టింది."

రత్నం చెయ్యి పెట్టె మూత మీదే ఉండిపోయింది. ఆకు ఊపిరి తీస్తుందని పుస్తకంలో చదివింది. పిల్లలకి బోర్డు మీద బొమ్మ వేసి చెప్పింది కూడా. అమ్మ చెప్పిన మాట ఒక గదిలోనూ, పుస్తకం చెప్పిన మాట మరో గదిలోనూ ఇన్నేళ్ళూ ఉన్నాయి. మధ్య తలుపు ఒకటి ఉందని ఆమె ఎన్నడూ చూసుకోలేదు.

"నా పేరే రాయండి మేడం. ఆ పిల్లకేటీ తెలీదు."

"తెలుసుకోకపోవుడు సుత తప్పేనమ్మా. కానీ నేనింకేం రాయలే. జెర ఆగండి. ఇయ్యాల రెండు తీర్ల చేసి చూద్దాం."

రెండు తీర్లంటే పెట్టెలోవి పెట్టెలోవే, పదింటికి తీగ నుంచి కొత్తగా తెంపినవి వేరే. పదింటికి దేవకృప టార్చి కిందికి వంచి పట్టుకుంది. రత్నం తీగ ముందు నిలబడి చాలాసేపు చెయ్యి చాపలేదు. చివరికి పెదవుల్లోనే ఏదో అనుకుని ఆకు గిల్లింది. తొడిమ తెగిన చిన్న చప్పుడు ఆమెకి పెద్దగా వినిపించింది. తమ అమ్మమ్మ కూడా చీకటి పడ్డాక కరివేపాకు దగ్గరికి పోనిచ్చేది కాదని దేవకృప అంది. ఆ మాట ఓదార్పుకి అన్నదో ఊరికే అన్నదో తెలియలేదు. రత్నం వెంటనే ఆకుని డబ్బాలో ముంచింది.

పొద్దున్న సుధ బండి దిగీ దిగకముందే ఎదురెళ్ళి అంతా చెప్పింది. సుధ సంచీ భుజాన్నుంచి దించకుండానే విన్నది.

"నన్నడగచ్చు కదా పిన్నీ."

"అడగాలని తెలిస్తే కదా అమ్మలూ."

సుధ నవ్వినట్టే చేసింది. "వాళ్ళు నన్ను దొంగన్నారు. ఈ వారం రోజులూ లెక్కలు చూసీ చూసీ, నిజంగానే నేనెక్కడో దొంగతనం చేసి మర్చిపోయానేమో అనుకున్నా." అంతే అంది. లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజూ ఆ మర్నాడూ పిన్నీ అన్న పిలుపు వినబడలేదు. పనికి సంబంధించిన మాటలు మాత్రం పొడిపొడిగా వచ్చేవి.

ఆకుల ఫలితం రావడానికి రోజులు పడతాయి. ఆ రోజుల్లో రత్నానికి అన్నం సయించలేదు. దేవకృప చెప్పింది తప్పయి, రెండు రకాల ఆకుల్లోనూ జీన్లు నిద్రపోతుంటే ఇక సుధని కాపాడే దారి లేదు. తన తప్పే నిజం కావాలని దేవుడికి మొక్కుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. అలా మొక్కుకోవచ్చో లేదో తెలియక దీపం ముందు ఊరికే నిలబడేది.

"ఏటే, దొంగసరుకు మోసినదానిలాగున్నావు," అన్నాడు లోవరాజు ఒక పొద్దున్న, డ్యూటీకి చొక్కా తొడుక్కుంటూ. ఆమె చెప్పింది. ఆయన బొత్తాలు పెట్టుకోవడం ఆపి విన్నాడు.

"పార్సిల్ పగిలితే మా దగ్గర ముగ్గుర్ని అడుగుతారు. కట్టినోడు, మోసినోడు, దించుకున్నోడు. ముగ్గురూ నిజమే చెప్తారు. ఆఖర్న కోత మాత్రం మోసినోడి జీతంలోనే."

"నీకెప్పుడైనా కోసారేటి?"

"నేను చీటీలు రాసేవోణ్ణి కదే. నాకేటవుద్ది," అని ఆయన నవ్వాడు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, అంత కష్టంగా ఉంటే మానీమన్నాడు. మానడం కాదు కష్టం అంది రత్నం, ఆయనకి వినపడనంత మెల్లగా.

ఫలితం వచ్చిన రోజున గ్రీన్‌హౌస్ గుమ్మంలోంచి సుధ కేక వేసింది. పిన్నీ అనే వేసింది. రత్నం మట్టిచేతులతోనే కంప్యూటర్ గదికి పరుగెత్తింది. తెర మీద రాత్రి పదింటికి తెంపిన ఆకు గీతలు నేలని పట్టుకుని పడుకున్నాయి. పెట్టెలోని ఆకు గీతలు నాలుగూ, నాలుగు రంగుల్లో, ఒకే చోట మొదలై ఒకే వాలులో కొండెక్కాయి.

"చూడు, నలుగురూ ఒకేసారి లేచారు. వీళ్ళని పిలిచింది రాత్రి కాదు పిన్నీ, దెబ్బ. తెంపినా ఊరుకోలేదు అది. తీగ లేదు, వేరు లేదు, అయినా డ్యూటీ ఎక్కారు." సుధ వేలు తెరకి ఆనించి మాట్లాడుతూనే ఉంది. కోపం సంగతి ఆమెకి గుర్తే లేదు. రాత్రి కోత అక్కర్లేదు, తెంపి తడిగుడ్డలో ఉంచితే చాలేమో, ఎంతసేపుంచాలో చూడాలి, గిల్లి వదిలేసిన ఆకు కూడా చూడాలి. రత్నం ఆ గీతల కంటే ఆ మొహాన్నే ఎక్కువసేపు చూసింది. అబద్ధం ఆడలేదని తేలింది. ఇక ఫరవాలేదనుకుంది.

బెంగళూరు వాళ్ళు పని కొనసాగిద్దామన్నారు. అయితే మొదట పంపిన రిపోర్టు ఎందుకు తప్పయిందో, ఇకముందు అలా జరక్కుండా ఏం చేశారో రాసి, సుధ చేత సంతకం పెట్టించి పంపమన్నారు. ఆ కాగితం బాబూరావే తయారు చేయించాడు. ఒక మధ్యాహ్నం సుధని తన గదికి పిలిచాడు. రత్నాన్ని కూడా పిలిచారని ఆఫీసు కుర్రాడు చెబితే ఆమె వచ్చి, లోపల మాటలు నడుస్తున్నాయని తెలిసి, వరండాలో నిలబడింది. తలుపు ఓరగా ఉంది.

శిక్షణ లేని పనిమనిషి పొరపాటు వల్ల జరిగిందనీ, ఆ మనిషిని తొలగించామనీ కాగితంలో ఉంది. బాబూరావు అది పైకి చదివాడు. ఆ మనిషి తనేనని రత్నానికి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

"ఆవిడ బీయెస్సీ సార్," అంది సుధ.

"అయితే మరీ తప్పు కదమ్మా." బాబూరావు గొంతులో కోపం లేదు. "రత్నమ్మగారంటే నాకు గౌరవమే. మా వీధి మనిషి. కానీ అవతలవాళ్ళకి చెప్పుకోడానికి మనకో మనిషి కావాలి. ఆవిడ పేరు లేకపోతే చూసుకోనిది నువ్వని రాయాలి. అప్పుడీ ప్రాజెక్టు నీ చేతిలో ఉంచరు. నువ్వే చెప్పు, నువ్వా, ఆవిడా?"

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, కాగితం అంచు రెపరెపలాడుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి. రత్నం గోడకి ఆనుకుంది. సంతకం పెడితే ఆ కలం చప్పుడు తను వినాలి. పెట్టనంటే రేపట్నుంచి ఆ నాలుగు గీతలూ వేరేవాళ్ళవి అవుతాయి. రెంటిలో ఏది వినడానికి తనకి ఎక్కువ భయమో ఎంత వెతుక్కున్నా తేలలేదు. తలుపు సందులోంచి కనపడేది ఆ పిల్ల వీపు మాత్రమే. ఆ వీపు కదలడం లేదు.

"ఆలోచించుకుంటాను సార్," అంది సుధ చివరికి.

"ఆలోచనకి టైమేదమ్మా. కొరియర్ వాడొస్తున్నాడు."

రత్నం వరండా మెట్లు దిగింది. గ్రీన్‌హౌస్‌లోకి వెళ్ళి, ఉదయం వదిలేసిన వరసకి నీళ్ళు పెట్టడం పూర్తి చేసింది. పైపు చుట్టి మేకుకి తగిలించింది. తాళంచెవులు బల్ల మీద అందరికీ కనపడేచోట పెట్టింది. అన్నం డబ్బా సంచీలో పెట్టుకుని, పెరటి గేటు తీసుకుని బయటికి నడిచింది. గేటు మనిషి ఇవాళ ఇంత పెందరాళే ఏమిటని అడిగితే తలనొప్పిగా ఉందంది.

బంగళా ముందు రోడ్డు మీద స్టేషన్‌కి పోయే బస్సు ఆగి ఉంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు ఇంకా కదలకముందే బంగళా వరండాలోకి సుధ వచ్చింది. చేతిలో కాగితం ఉంది. దాని మీద సంతకం ఉందో లేదో ఇంత దూరం నుంచి కనపడదు. ఆమె గ్రీన్‌హౌస్ వైపు తిరిగి, నోటి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని పిలిచింది. మళ్ళీ పిలిచి, చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగి అటువైపు పరుగెత్తింది.

రత్నం సంచీని ఒళ్ళోకి లాక్కుంది. కండక్టరు టికెట్ అడిగాడు. "రెజిమెంటల్ బజార్," అంది, కిటికీ వైపు తిరక్కుండా.